గద్దె మీద బూటు ముద్ర

“ఆ బూట్లు ఇట్టియ్యి బావా.”

హెబ్రోను తల ఎత్తలేదు. పెరట్లో కుళాయి కింద గొంతుక్కూర్చుని, చేపలు కోసే కత్తితో బూటు అడుగున అంటిన సిమెంటు గీకుతున్నాడు. అది సగం ఆరిపోయి, ఊడిరానని మొండికేసింది.

“నిన్నే బావా.” మెర్లిన్ గడప దిగి దగ్గరికి వచ్చింది. “అవి ఆయన బూట్లు. మిలిటరీ వాళ్ళు ట్రంకు పెట్టెలో పంపించినవి. అత్త మంచం కింద ఉండాలి గదా. వాటికి సిమెంటు ఎట్టా అంటింది?”

“నువ్వు లోపలికి పో.”

“మా తమ్ముణ్ణి వలల షెడ్డులో గుంజకు కట్టేసి కొడతా ఉండారు. నన్ను లోపలికి పొమ్మంటావా?”

మాట పూర్తయిందో లేదో, తీరం వైపు నుంచి ఒక కేక వినిపించింది. దాని వెంటే పదిమంది అరుపులు. మెర్లిన్ రెండు చెవులూ మూసుకుంది. హెబ్రోను కత్తి ఆగింది, మళ్ళీ కదిలింది. చేతకాని మనిషికి ఏదో ఒక పని చేతిలో ఉండాలి కదా.

ఆ పల్లెలో ఆ రోజు కార్గిల్ దివస్. హెబ్రోను తమ్ముడు, మెర్లిన్ మొగుడు రూఫస్ సరిహద్దులో ప్రాణం వదిలి ఇది రెండో ఏడు. మైపాడు దాటాక ఇసుకలో ఉన్న ఆ చిన్న ఊరు, తన కడుపున పుట్టిన ఒకే ఒక్క సిపాయికి నడి ఊళ్ళో గద్దె కట్టి సిమెంటు బొమ్మ నిలబెట్టింది. నెల్లూరు నుంచి పెద్దలొచ్చి ముసుగు తీయాలి. అందుకని ఊరి పెద్ద రమణయ్య దురాయి వేయించాడు. దురాయి అంటే ఊరి కట్టుబాటు, దానికి ఎదురు లేదు. ఆ రోజు ఏ పడవా సముద్రంలోకి పోకూడదు. కాబట్టి మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. పనిలేని చేతులు, పట్టరాని కోపం. ఆ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పాలా?

కోపం ఎందుకంటే, తెల్లారేసరికి ముసుగు కింద పడి ఉంది. బొమ్మకు ముఖం లేదు.

గద్దె చుట్టూ ముందురోజు సాయంత్రం మేస్త్రీ పూసిన సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. దాని మీద బూటు ముద్రలు పడ్డాయి. ఆ ఊరి జనం ఇసుకలో అడుగు చూసి అది ఫలానావాడిదని చెప్పగల మనుషులు. కుర్రాళ్ళ దగ్గర బూట్లు లేకపోలేదు, నెల్లూరు పోవడానికి వేసుకుంటారు. కానీ గద్దె ఎక్కేటప్పుడు కాలిజోడు విప్పని మనిషి ఆ ఊళ్ళో పుట్టలేదు. బూట్లతో ఎక్కాడంటే పరాయివాడే. పరాయివాడంటే, ముందురోజు బుచ్చిరెడ్డిపాలెం నుంచి బూట్లేసుకుని దిగిన మెర్లిన్ తమ్ముడు సుశీల్ కుమార్. అక్కను పుట్టింటికి తీసుకుపోతానని వచ్చినవాడు ఊరుకోకుండా గద్దె ముందు నిలబడి, “ఈ బొమ్మ ఉన్నన్నాళ్ళు మా అక్కకు బతుకు లేదు” అన్నాడు. ఊరు ఊరంతా విన్నది. ఇంకేం కావాలి? లెక్క సరిపోయింది. అక్క రానంటే పొద్దున్నే ఒక్కడే బస్సుకు బయల్దేరిన కుర్రాణ్ణి రోడ్డు మీదే పట్టుకున్నారు.

ఆ లెక్క తప్పని చెప్పే సాక్ష్యం ఇప్పుడు మెర్లిన్ కళ్ళ ముందు కుళాయి కింద తడుస్తోంది.

“నువ్వా బావా?”

“నేనైతే ఈపాటికి పోయి చెప్పుండేవాణ్ణి.”

“మరి ఎవురు?”

జవాబు ఇంట్లోంచి వచ్చింది.

“ఎందుకురా దాస్తావు. నేనే కొట్టినాను.”

రెబెక్కమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. సభలో కట్టుకోమని ఊరివాళ్ళు పెట్టిన జరీ అంచు తెల్లచీర కట్టుకుంది. తల దువ్వుకుంది. చేతులు మాత్రం మోచేతుల దాకా సిమెంటు దుమ్ముతో బూడిదరంగుగా ఉన్నాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధులన్నీ తిరిగిన మనిషి. చేతిలో ఇంకా బలం ఉంది.

మెర్లిన్ అత్త ముఖంలోకి చూసింది. “నువ్వా అత్తా?”

“నేనేమ్మే. ఎన్నిసార్లు చెప్పాల.”

“ఆయన బొమ్మను?”

“వాడి బొమ్మ కాదది.” రెబెక్కమ్మ గొంతు పెంచలేదు. “రోజూ తెల్లారకముందే వాడి బూట్లేసుకోని అలల దాకా పోయొస్తాను. వాడి పక్కన నడిచినట్టుంటది నాకు. మీ ఇద్దరికీ చెప్పలా. నవ్వుతారని. ఈ పొద్దు అట్టనే పోతా గద్దె కాడ ఆగినాను. ముసుగెత్తి చూసినాను. యాడిదిరా ఆ ముఖం? ఆ మీసాలు ఎవురివి? వాడి శవప్పెట్టె వచ్చిననాడు మూత తెరవనియ్యలా. నా కొడుకు కడసారి ముఖం నాకు చూపించలా. ఇప్పుడు ఎవురిదో ముఖం తెచ్చి, ఇదిగో నీ కొడుకంటే ఒప్పుకోవాల్నా? పైగా బొట్లు పెడతా ఉండారు. మొన్న ఒకామె జొరమొచ్చిన బిడ్డను తెచ్చి దాని కాళ్ళ కాడ పడుకోబెట్టి మొక్కుకుంటా ఉంది. మేస్త్రీ సుత్తి ఆడనే ఉంది. కొట్టినాను. ముఖం మట్టుకే కొట్టినాను.”

“మా తమ్ముణ్ణి పట్టుకున్నారని తెలిసి కూడా ఇంట్లో కూర్చున్నావా అత్తా?”

రెబెక్కమ్మ కళ్ళు కొడుకు వైపు తిరిగాయి. అప్పుడు మెర్లిన్‌కు అర్థమైంది. అత్త వెనక ఆమె గది తలుపుకు బయట గొళ్ళెం ఇంకా ఊగుతోంది. పాతకాలపు గొళ్ళెం, లోపలినుంచి గుంజి గుంజి ఊడబెరికింది.

“నువ్వు తల్లిని గదిలో పెట్టినావా బావా?”

“పెట్టినాను.” హెబ్రోను లేచాడు. బూట్లు రెండూ చంకలో ఇరికించుకున్నాడు. “ఈ పొద్దు బయట ఉండేది మనుషులు కాదు. ఒప్పుకుంటే ఈమెను అక్కడికక్కడే చంపేస్తారు. చంపకపోతే వెలేస్తారు. పడవ యాడ దించాల? చేప ఎవురికి అమ్మాల? నీ తమ్ముడికి నాలుగు దెబ్బలు పడతాయి, పోలీసులొచ్చి తీసుకోని పోతారు, బతుకుతాడు. ఈ బూట్లు సముద్రంలో పారేస్తే అయిపాయె.”

“నాలుగు దెబ్బలా?”

మెర్లిన్ ఒక్క ఉదుటున అతని మీద పడింది. బూటు లేసు పట్టుకుని లాగింది. అతను వదల్లేదు. ఆమె అతని మణికట్టు కొరికింది. హెబ్రోను అరిచి చెయ్యి విదిలించాడు. ఆ విదిలింపుకు మెర్లిన్ వెళ్ళి బట్టలుతికే బండ మీద పడింది. పెదవి చిట్లి, గడ్డం మీదుగా రక్తం జాకెట్టు మీదికి కారింది.

తమ్ముడి పెళ్ళాం మీద చెయ్యి పడిందని హెబ్రోనుకు ఒక క్షణం తరవాత తెలిసింది. వంగి లేపబోయాడు. ఈలోపల వీపు మీద గట్టిగా ఒక దెబ్బ. రెబెక్కమ్మ చేపలెండేసే వెదురుకర్ర చేతిలో పట్టుకుని ఉంది. రెండో దెబ్బ భుజం మీద వేసింది. మూడోది వేయబోతే కర్ర విరిగింది.

హెబ్రోను చంకలోంచి బూట్లు జారిపోయాయి. రెబెక్కమ్మ వాటిని తీసుకుని గడప మీద కూర్చుంది. తడి బూట్లలో కాళ్ళు దూర్చి లేసులు కట్టుకోసాగింది. పెద్ద బూట్లు. లేసులు చీలమండ చుట్టూ తిప్పి తిప్పి కట్టింది.

“అమ్మా, వద్దు.” హెబ్రోను సందు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. “నీకు దండం పెడతాను. నన్ను దాటుకోని పోవద్దు.”

“వాడి పెట్టె కాడ కూడా నువ్వు ఇట్టనే అడ్డం నిలబడినావు.”

“చూసే మాదిరి లేదమ్మా అప్పుడు. నేను చూసినాను గాబట్టి చెప్తా ఉండా.”

“ఎట్టుంటే నాకేమిరా? నేను కన్న ముఖమే గదా. నేను భరించలేనని నువ్వెట్టా అనుకున్నావు?”

ఆ మాటకు హెబ్రోను చేతులు కిందికి దిగిపోయాయి. రెండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. రాత్రిళ్ళు తనకు తాను వేసుకున్నదే. తల్లి అతన్ని పక్కకు నెట్టి సందులోకి నడిచింది. మెర్లిన్ కొంగుతో పెదవి అదిమి పట్టుకుని వెనకే పరుగెత్తింది.

సందు పొడుగునా జనం. గద్దె దగ్గరి నుంచి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. రెబెక్కమ్మను చూసి ఆడవాళ్ళు తప్పుకుని చేతులు జోడించారు. ముసలాయన ఒకడు బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. “వీరమాత వస్తా ఉంది, దారియ్యండి” అని ఎవరో అన్నారు. ఆమె కాళ్ళవైపు ఎవరూ చూడలేదు. వీరమాతకు పాదాలుంటాయి గానీ బూట్లుంటాయని ఎవరనుకుంటారు.

వలల షెడ్డు గద్దె పక్కనే. సుశీల్ కుమార్ రెండు చేతులూ వెనక్కి విరిచి గుంజకు వలతాడుతో కట్టేసి ఉన్నాయి. చొక్కా చిరిగి నడుము దగ్గర వేలాడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముక్కులోంచి కారిన రక్తం గడ్డం మీద ఎండిపోయింది, దాని మీద కొత్తది కారుతోంది. బుచ్చిలో ధాన్యం మిల్లులో గుమాస్తా పని చేసుకునే కుర్రాడు. చిన్నప్పుడు అమ్మ చేతి దెబ్బ కూడా తినలేదని మెర్లిన్ గొప్పలు చెప్పుకునేది.

అతని ముందు క్రాంతి కుమార్ పడవ తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. రూఫస్‌తో కలిసి ఇసుకలో పొర్లినవాడు, రూఫస్ పెట్టెను రోడ్డు నుంచి సమాధి దాకా భుజం మార్చకుండా మోసినవాడు. ఈ బొమ్మ కోసం చందాలడుగుతూ పల్లె పల్లె తిరిగినవాడు కూడా అతనే. నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో రూఫస్ కోసం ఏడ్చిన మగవాడు అతనొక్కడే. ఇప్పుడు కూడా ఏడుస్తూనే కొడుతున్నాడు.

“ఒప్పుకో.”

“నేను కాదన్నా.” సుశీల్ నోట్లో పళ్ళు కదిలి మాట సరిగా రావడం లేదు. “నేను ఆ పక్కకే రాలా.”

తెడ్డు అతని పొట్ట మీద పడింది. సుశీల్ వంగబోయాడు, తాడు వంగనివ్వలేదు.

“చాలు క్రాంతీ,” అన్నాడు రమణయ్య. “పోలీసులకు ఫోను చేసినాము గదా. వాళ్ళు చూసుకుంటారు.”

“వాళ్ళొచ్చేలోపల ఒప్పుకోవాల పెదనాయనా. రూఫస్ బొమ్మ ముందర ఒప్పుకోవాల.”

ఊరి పెద్ద మాట కూడా ఆ పొద్దు కుర్రాళ్ళ ముందు చెల్లలేదు. దురాయి వేసినవాడికి తెడ్డు ఆపించే సత్తా లేకపోయింది.

“వాణ్ణి విడువు క్రాంతీ.”

రెబెక్కమ్మ గొంతుకు జనం రెండుగా చీలారు. మెర్లిన్ తమ్ముడి దగ్గరికి పరుగెత్తబోతే ఇద్దరు పట్టుకున్నారు. రెబెక్కమ్మ తిన్నగా వచ్చి తెడ్డుకు, గుంజకు మధ్యన నిలబడింది.

“బొమ్మను కొట్టింది నేను.”

క్రాంతి కుమార్ ఆమెను జాలిగా చూశాడు.

“ఇంటికి పో పెద్దమ్మా.”

“నేనే అంటా ఉంటే వినపడలేదా? ఇదిగో, వాడి బూట్లు.” ఆమె గద్దె మెట్టు దగ్గరికి వెళ్ళి, చీర కాస్త ఎత్తి, పచ్చి సిమెంటు మీదున్న ముద్రలో కాలు పెట్టింది. మడమకు మడమ, మొనకు మొన సరిపోయింది. “చూసుకోండి. ఇప్పుడు ఆ అబ్బయ్య బూటు తెచ్చి పెట్టండి ఇందులో.”

నలుగురు వంగి చూశారు. ఒకడు ఏదో అనబోయి క్రాంతి ముఖం చూసి మానుకున్నాడు.

“బూట్లు ఈ పొద్దు వేసుకోనొచ్చినావు,” అన్నాడు క్రాంతి. “మెర్లిన్ అక్క ఏడ్చింది. నీ కడుపు తరుక్కుపోయింది. నీది దొడ్డ మనసు పెద్దమ్మా. కొడుకును దేశానికిచ్చినదానివి, పరాయి బిడ్డ కోసం నింద మోయను వచ్చినావు.”

“అవును,” అన్నారు ఎవరో. “తల్లంటే అట్టుండాల.”

ఒకామె వచ్చి రెబెక్కమ్మ బూట్లను తాకి కళ్ళకద్దుకుంది. ఇంకొకడు కుర్చీ తెచ్చి వేశాడు. సన్మానానికి తెచ్చిన శాలువా ముందే కప్పబోయారు. రెబెక్కమ్మ దాన్ని తోసేసింది. అది కూడా ఆమె గొప్పతనమే అయింది. నిజం చెప్పిన మనిషికి దండం పెట్టి నోరు నొక్కడం ఎట్లాగో ఆ రోజు ఆ ఊరు చూపించింది.

“నీవల్లరా,” అని క్రాంతి గుంజ వైపు తిరిగాడు. “నీవల్ల మా అమ్మ అబద్ధమాడాల్సి వచ్చింది.”

ఈసారి తెడ్డు అడ్డంగా వచ్చింది. పక్కటెముకల మీద తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. సుశీల్ నోట్లోంచి కేక రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. తల ముందుకు వాలింది. మెర్లిన్ తనను పట్టుకున్నవాళ్ళ చేతుల్ని గోళ్ళతో రక్కుతూ అరిచింది.

రెబెక్కమ్మ గద్దె వైపు తిరిగింది. సాక్ష్యానికని కుర్రాళ్ళు గద్దె కింద గుడ్డలో చుట్టి పెట్టిన మేస్త్రీ సుత్తి తీసుకుంది. మెట్లెక్కింది. జనం ఆమె కొడుకు పాదాలు పట్టుకుని ఏడవబోతుందనుకున్నారు. ఆమె సుత్తి రెండు చేతులా ఎత్తి బొమ్మ మెడ మీద కొట్టింది.

ఆమె మళ్ళీ కొట్టింది. బంగారు రంగు పెచ్చులూడి కింద పడ్డాయి. లోపల ఇనుప కమ్మీ కనిపించింది. ఇంకో దెబ్బకు ముఖం లేని తల వంగి, కమ్మీ నుంచి ఊడి, గద్దె అంచుకు తగిలి ఇసుకలో పడింది. దొర్లి వచ్చి క్రాంతి కుమార్ కాళ్ళ ముందు ఆగింది.

“ఇప్పుడన్నా నమ్ముతారా?” రెబెక్కమ్మ ఆయాసంతో ఊగుతోంది. “మీ దేవుణ్ణి కన్నది నేను. మీ దేవుణ్ణి పగలగొట్టింది నేను. నా కొడుకు నాకు చాలు. ఇప్పుడు కట్లు విప్పండి.”

మెర్లిన్‌ను పట్టుకున్న చేతులు వదిలేశాయి. ఆమె గుంజ దగ్గరికి పరుగెత్తి మోకాళ్ళ మీద పడి, తాడు ముళ్ళు పళ్ళతో లాగసాగింది. రమణయ్య తలపాగా విప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు, తన చేతి కత్తితో తాడు కోశాడు. సుశీల్ అక్క ఒళ్ళోకి ఒరిగిపోయాడు.

క్రాంతి కుమార్ కదల్లేదు. కాళ్ళ ముందున్న సిమెంటు తలనే చూస్తున్నాడు. వంగి దాని మీది ఇసుక తుడిచాడు. తరవాత లేచాడు. ముఖంలో ఏడుపు పోయింది. ఏడుపు పోయిన ఆ ముఖాన్ని చూసి పక్కనున్నవాడు వెనక్కి జరిగాడు.

“వాడు నాకు తోడబుట్టినోడికంటే ఎక్కువ పెద్దమ్మా.” గొంతు చాలా మెల్లగా ఉంది. “నీకు ముఖం చూపించలేదని, వాడి ముఖం మాకెవురికీ లేకుండా చేసినావా?”

తెడ్డు లేచింది. రెబెక్కమ్మ గద్దె మెట్టు మీద తల వంచకుండా నిలబడింది. పక్కకు జరగాలని ఆమెకు తోచలేదు.

“క్రాంతీ!” అన్న రమణయ్య కేక కంటే ముందు సందులోంచి హెబ్రోను వచ్చాడు. వచ్చినవాడు తల్లి మీదికి ఎగబడి రెండు చేతులా ఆమెను కప్పేశాడు. తెడ్డు అతని తల వెనక పడింది. రెండుగా విరిగిన తెడ్డు ముక్క ఎగిరి షెడ్డు రేకు మీద పడి మోగింది. హెబ్రోను తల్లి నడుము పట్టుకుని అట్లాగే కిందికి జారాడు. అతని తల ఆమె బూట్ల మీద ఆనింది. రక్తం లేసుల మీదుగా, తడి ఇంకా ఆరని తోలు మీదుగా కారింది.

“చూసే మాదిరి లేదనే అమ్మా,” అన్నాడు. “అందుకనే అడ్డం నిలబడినాను.”

రెబెక్కమ్మ కూలబడి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. జరీ చీర కొంగు గాయం మీద అదిమింది. కొంగు వెంటనే ఎర్రబడింది.

అప్పుడే రోడ్డు మీద హారను మోగింది. ముందు ఒక జీపు, వెనక రెండు కార్లు ఇసుక దారిలో ఊగుతూ వచ్చి షామియానా దగ్గర ఆగాయి. యూనిఫారం వేసుకున్న ఆఫీసరు దిగాడు. వెనకే ఇద్దరు జవాన్లు పూలచక్రం పట్టుకుని దిగారు. బండిలోంచి జాతీయగీతం వేయడానికి తెచ్చిన స్పీకరు దించుతున్నారు. వాళ్ళకింకా ఏమీ కనిపించలేదు. కనిపించిందల్లా ఊరి జనం వీపులే.

“నమస్కారమండీ,” అన్నాడు ఆఫీసరు, టోపీ సర్దుకుంటూ. “అమరుడు రూఫస్ గారి అమ్మగారు ఎక్కడున్నారు? ముందు ఆమెకు సెల్యూట్ చెయ్యాలి.”

ఎవరూ వేలు చూపించలేదు. ఊరు ఊరంతా ఇసుక వైపు చూసింది. విరిగిన తెడ్డు కర్ర క్రాంతి చేతిలోంచి జారిపోయింది.

రెబెక్కమ్మ తల ఎత్తి నోరు తెరవబోయింది. గుంజ దగ్గరి నుంచి మెర్లిన్ గొంతు వినిపించింది. ఆ గొంతులో ఏడుపు లేదు.

“అత్తా, తమ్ముడు పలకతా లేడు.”